వేడిని చూసే కెమెరా, నేను రాసిన ఉత్తరం

సౌదీలో ఇరవై ఆరేళ్ళు ఆఫీసు గుమాస్తాగా చేసి ఇంటికి వచ్చినవాణ్ణి నేను. అన్నేళ్ళూ నేను చేసిన పని ఉత్తరాలు రాయడం. ఫలానావాడు మా మనిషే, గేటు లోపలికి వదలండి అని ఒకటి. ఫలానావాడి ఇకామా గడువు దగ్గరపడింది, అక్కడ ఉండనిచ్చే ఆ కార్డును పొడిగించండి అని ఇంకొకటి. అన్నీ అరబ్బీలోనే. వాటిలో చిన్నాచితకా అబద్ధాలు బోలెడు రాశాను. జ్వరం లేనివాడికి జ్వరమని రాశాను, నిక్షేపంగా ఉన్న మేనమామను చంపేసి సెలవు ఇప్పించాను. వాటికి నేనేమీ సిగ్గుపడను. ఒక మనిషిని నిలువునా ముంచిన అబద్ధం మాత్రం ఒకటే రాశాను. మీలో కొత్తగా గల్ఫ్‌కు బయల్దేరేవాళ్ళు ఉంటే, ఏజెంటును నమ్మొద్దని, పాస్‌పోర్టు జాగ్రత్తని చెప్పేవాళ్ళు మీకు వీధికి పదిమంది దొరుకుతారు. నేను చెప్పేది వేరే. అక్కడి ఆఫీసులో మీ భాష మాట్లాడుతూ, నవ్వుతూ, మీ కాగితాలన్నీ చూసిపెట్టే మంచి అన్న ఒకడు ఉంటాడు చూడండి, వాడి గురించి. అంటే నా గురించే.

మా కంపెనీ ఖతీఫ్ దగ్గర ఉండేది. చిన్న కంపెనీ, అరవై మందిమి. ఐసు ఫ్యాక్టరీల్లో, చేపల కోల్డ్ స్టోరేజీల్లో, ఆయిల్ పనులు చేసే యార్డుల్లో కరెంటు ప్యానెళ్ళు చూసిపెట్టడం మా పని. నాది కడప వైపు. చిన్నప్పుడు మదరసాలో అరబ్బీ చదవడం నేర్పారు గానీ, చదువుతున్నదానికి అర్థం ఏమిటో ఖతీఫ్‌కు పోయాకే తెలిసింది. ఆ ఒక్క ముక్క రావడం వల్ల పైపులు మోయడానికి పోయినవాణ్ణి ఆరు నెలల్లో ఏసీ గదిలో కుర్చీ ఎక్కాను. ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం. ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

అతను ఎలక్ట్రీషియన్. జగిత్యాల వైపు వాడు అనుకోండి, ఊరు కాస్త మార్చే చెబుతున్నాను. నాకంటే పదేళ్ళు చిన్న. నేను తమ్ముడూ అనేవాణ్ణి, అతను అన్నా అనేవాడు. పది తప్పి హెల్పరుగా వచ్చి, తిట్లు తింటూ పని నేర్చినవాడు. మా కంపెనీలో వేడిని చూసే కెమెరా ఒకటి ఉండేది. డ్రిల్లింగ్ మిషన్ లాగా కింద పిడి, వేలితో నొక్కే మీట, ముందు అద్దం, వెనక చిన్న తెర. ప్యానెల్ వైపు పట్టుకుని చూస్తే చల్లగా ఉన్నచోట నీలం, కాగుతున్నచోట పసుపు, మరీ కాలుతుంటే తెలుపు. తెర మధ్యలో ఒక ప్లస్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఎక్కడుంటే అక్కడి వేడి ఎంతో అంకెల్లో చూపిస్తుంది. ఇంజనీర్లు దాన్ని పట్టుకుంటే అంకె చదివేవాళ్ళు. అతను పట్టుకుంటే కథ చదివేవాడు. ఈ బోల్టు వదులైంది, ఈ తీగ మీద మోయగలిగినదానికన్నా బరువు పడుతోంది, ఇది ఇంకో నెల ఆగుతుంది, ఇది ఆగదు అని.

ఒకసారి ఐసు ఫ్యాక్టరీలో నేను గేటు పాసుల కోసం వెంట పోయాను. అతను ప్యానెల్ చూసి, వెంటనే మెయిన్ ఆపమన్నాడు. యజమాని పరుగెత్తుకొచ్చాడు. ఐసు ఆగితే చేపలన్నీ నీ నెత్తిన వేస్తానని కేకలు. నేను అటూ ఇటూ తర్జుమా చేస్తూ చెమటలు కక్కుతున్నాను.

"అన్నా, గాయనకు జెప్పు. ఇప్పుడు ఆపితె గంట. ఆపకుంటె గీ రూమే ఉండది" అన్నాడు ఇతను, తాపీగా.

ఆపి విప్పారు. బోల్టు కింద రాగి పట్టీ నల్లగా మాడి, వేలితో తాకితే పొలుసులుగా రాలింది. యజమాని కాసేపు దాన్నీ, ఇతన్నీ మార్చి మార్చి చూసి, బుట్టెడు హమూర్ చేపలు బండిలో పెట్టించాడు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేస్తే ఇంజనీరును అడిగేవాడు కాదు, "ఆ కెమెరా మనిషి"ని పంపమనేవాడు. అతని పేరుతో ఇన్‌స్పెక్టర్ పరీక్షకు కంపెనీ దరఖాస్తు పెట్టింది. పాసైతే ఇకామాలో ఎలక్ట్రీషియన్ తీసి ఇన్‌స్పెక్టర్ అని మార్చుతారు. పది తప్పినవాడికి అది మాటలా? ఆ ఫారం నింపింది నేనే. నింపుతుంటే నా భుజం మీదుగా వంగి చూస్తూ, రాని భాషలో తన పేరెక్కడుందో వెతుక్కున్నాడు.

ఇక ఆ కెమెరాతో వచ్చిన తంటా చెప్పాలి. దానికి ఏడాదికొకసారి ల్యాబ్‌లో పరీక్ష చేయించి, అంకెలు సరిగ్గా చూపిస్తోందని స్టిక్కరు అతికించుకోవాలి. స్టిక్కరు గడువు దాటితే ఏ యార్డువాడూ లోపలికి రానివ్వడు. అప్పట్లో మా కెమెరాకు ఆ ల్యాబ్ దేశం బయటే ఉండేది. కెమెరా బయటికి పోవడం తేలికే, తిరిగి లోపలికి రావడమే నరకం. ఎందుకంటే చీకట్లో చూడగలిగే పరికరాలన్నీ ఆయుధాల సామాను జాబితాలో ఉండేవి, తుపాకీ మీద బిగించే రాత్రి స్కోపుల పక్కన. ఆ జాబితా రాసిన కాలంలో అలాంటివి సైన్యాల దగ్గరే ఉండేవి కాబోలు. నేను దరఖాస్తులు రాసే నాటికి ఇంటి గుమ్మానికి తగిలించే కెమెరా కూడా చీకట్లో పిల్లిని చూపిస్తోంది. జాబితా మాత్రం కదల్లేదు.

ఆ ఫారంలో ఒక గడి ఉండేది: ఈ పరికరాన్ని ఏ ఆయుధానికి బిగిస్తారు? నేను మొదటిసారి "ఆయుధమేమీ లేదు" అని రాశాను. గడికి జవాబు సరిపోలేదని వెనక్కి వచ్చింది. గీత గీశాను. ఖాళీగా ఉందని వెనక్కి వచ్చింది. కౌంటరు దగ్గర కూర్చున్న ఆయన మంచివాడే పాపం, టీ కూడా ఇప్పించాడు. "నాకూ తెలుసయ్యా ఇది తుపాకీ కాదని, కానీ గడి ఉందిగా" అన్నాడు. ఆ ఏడాది అనుమతి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అతను మామూలు టెస్టరు జేబులో పెట్టుకుని, కళ్ళు పోయినవాడిలా తిరిగాడు.

మరుసటి ఏడాది స్టిక్కరు గడువు దగ్గరపడగానే మేనేజరు నన్ను పిలిచాడు. ఆయన కోస్తా మనిషి, నోరు తెరిస్తే సగం ఇంగ్లీషు.

"మళ్ళీ ఫోర్ మంత్స్ అంటే కాంట్రాక్టులు పోతాయండీ. లీవుకెవరు వెళ్తున్నారు?"

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఈ అలవాటు విడమరచి చెప్పక్కర్లేదు. లీవుకు పోయేవాడి బ్యాగంటే అందరిదీ. నా మందులు, వాడి చెప్పులు, ఇంకొకడి ఊరగాయ, కంపెనీ మీటర్లు, రిలేలు, అన్నీ అందులోనే పోయేవి, అందులోనే వచ్చేవి. నేను లీవు రిజిస్టరు చూశాను. వచ్చే వారం పోయేది అతనే. మేనేజరు తల ఊపి, "లెటర్ మాత్రం ఇవ్వొద్దు. లెటర్ ఉంటే క్వశ్చన్స్ వస్తాయి" అన్నాడు.

కెమెరా చేతికిస్తే అతను వెంటనే తీసుకోలేదు.

"కాయితం ఉండాలె గదన్నా దీనికి?"

"ఏం కాదులేప్పా. కాగితం చూపిస్తేనే అడుగుతారు. లేకుంటే ఎవురూ అడగరు. కెమెరా అని చెప్పు, అంతే."

"నిజంగనా?"

"నేను చెప్తాండా గదా తమ్ముడూ."

జీవితమంతా కాగితం లేనిదే గేటు దాటొద్దని అందరికీ చెప్పిన మనిషిని నేను. కాగితం అక్కర్లేదని నేను చెప్పాను కాబట్టే అతను నమ్మాడు. ఇంకెవరు చెప్పినా నమ్మేవాడు కాదు. ఇది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

పోయేటప్పుడు ఎవరూ అడగలేదు. హైదరాబాద్‌లో ల్యాబ్‌కు ఇచ్చాడు, స్టిక్కరు పడింది. రెండు నెలల తర్వాత తిరిగి వచ్చిన రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ విమానాశ్రయం నుంచి ఫోన్.

"అన్నా, బ్యాగు స్కానింగుల పిస్తోలు లెక్క కనవడ్డదట. తీసి సూసిన్రు. కెమెరా అని జెప్పిన. నమ్ముతలేరు."

"మల్ల?"

"సూపెడితె నమ్ముతరనుకున్న. ఆన్ జేసి, గా సారు మొకం దిక్కు పట్టి, సూడు సార్ నీ మొకం వేడి ఎంతున్నదో అని..."

కొత్త కస్టమరు ఎవరు వచ్చినా అతను చేసేది అదే. ముఖం రంగురంగుల్లో చూపిస్తే వాళ్ళు నవ్వేవాళ్ళు, పని ఖాయమయ్యేది. ఇక్కడేమో పిస్తోలు పిడి ఉన్న వస్తువును తనిఖీ అధికారి ముఖానికి ఎత్తి మీట నొక్కాడు. తెర మీద ఆ అధికారి నొసలు, దాని మీద సరిగ్గా మధ్యలో ప్లస్ గుర్తు. ఆ అధికారి జాబితా తెరిచాడు. చీకట్లో చూసేది, గురి గుర్తు ఉన్నది, అనుమతి లేనిది. మూడూ కలిశాయి. ఫోన్ తీసేసుకున్నారు.

మూడో రోజు మా ఆఫీసుకు విచారణ కాగితం వచ్చింది. వస్తువు మీదేనా, మీరే పంపారా, రాతపూర్వకంగా చెప్పండి అని. దానికి జవాబు ఒక వాక్యం: మాదే, మేమే పంపాం, తప్పయింది. రాస్తే కంపెనీకి జరిమానా పడేది. కొన్నాళ్ళు కొత్త వీసాలు ఆగేవేమో. అది నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు అవే కాగితాలు చూసినవాడికి తెలియదా?

మేనేజరు తలుపు వేశాడు. "మనమే పంపాం అంటే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. సిక్స్‌టీ మెంబర్స్ రోడ్డు మీద పడతారు. అతను స్టోర్ నుంచి మనకు తెలియకుండా తీసుకెళ్ళాడని రాయండి. ఒక్కడి కోసం అందర్నీ ముంచుతామా?"

"సార్, నేనే గదా ఇచ్చింది."

"అందుకే చెప్తున్నా. మీరు ఇచ్చారని తెలిస్తే ముందు పోయేది మీరు. మీ అమ్మాయికి ఫైనల్ ఎగ్జామ్స్ కదా ఇప్పుడు?"

అవును. మా అమ్మాయి అక్కడి స్కూల్లోనే పన్నెండో తరగతి. నాకు కారణం ఉంది. కారణం లేకుండా ఎవరైనా చేస్తారా ఇలాంటి పని? అరవై మంది మాట నాకు సాకుగా పనికొచ్చింది గానీ, నేను భయపడింది నా కుర్చీ కోసం. రాశాను. మామూలుగా కూడా కాదు, బాగా రాశాను. కంపెనీ సొత్తును కంపెనీకి తెలియకుండా, అనుమతి లేకుండా స్టోరు నుంచి తీసుకుపోయాడని, అందుకు కంపెనీ విచారిస్తోందని. ఎక్కడ ఏ పదం వేస్తే బరువుంటుందో చూసి మరీ వేశాను. కింద కంపెనీ ప్రతినిధినంటూ నేనే సంతకం చేశాను. మేనేజరు పెన్ను కూడా ముట్టుకోలేదు.

ఆ ఉత్తరం తీసుకుని విచారణ ఆఫీసుకు పోయింది కూడా నేనే. వరండాలో బల్ల మీద అతను కూర్చుని ఉన్నాడు. విమానం దిగినప్పటి చొక్కానే కాబోలు, నలిగిపోయి ఉంది, గడ్డం మాసి ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నా చేతిలో కాగితం చూసి అతని ముఖం వెలిగిపోయింది.

"వచ్చినవా అన్నా! నాకెరుకే, నువ్వస్తవని."

అతన్ని తలుపు దగ్గరే నిలబెట్టి నన్ను లోపలికి పిలిచారు. అధికారి పెద్దవయసు మనిషి. ఉత్తరం రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. "ఇతను నీకు తెలుసా?" తెలుసన్నాను. "ఎన్నేళ్ళుగా?" పదకొండేళ్ళన్నాను. "ఇందులో రాసింది నిజమేనా? ఇంకేమైనా చెప్పేది ఉందా నీకు?" అని నెమ్మదిగా అడిగి, కాగితం బల్ల మీద పెట్టి ఆగాడు. ఆయన నాకు దారి ఇచ్చాడు. అంత స్పష్టంగా నాకు ఇంకెవరూ ఎప్పుడూ దారి ఇవ్వలేదు. నేను నిజమేనన్నాను.

తలుపు దగ్గర నిలబడ్డ ఇతనికి ఆ అరబ్బీ అందలేదు. "ఏమంటున్నడన్నా సారు?" అని అడిగాడు.

"ఏం కాదు తమ్ముడూ, అంతా సర్దుకుంటాది" అన్నాను.

అతను నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఛీ, నా బతుకు! ఆ చేతులతోనే కారు తోలుకుంటూ ఆఫీసుకు వచ్చి, ఆ సాయంత్రం ముగ్గురికి లీవు కాగితాలు తయారుచేశాను.

ఆరు వారాలు లోపల ఉంచి, వేలిముద్రలు తీసుకుని, మళ్ళీ రాకుండా పంపించేశారు. రూములో అతని సామాను నేనే డబ్బాలో సర్దాను. క్యాంపులో అందరం ఆ పాత జాబితాను తిట్టుకున్నాం. అందరికన్నా గట్టిగా తిట్టింది నేనే. తుపాకీకీ ఐసు ఫ్యాక్టరీ కెమెరాకూ తేడా తెలియని రూలు ఒక రూలేనా అని, మెస్సులో చెయ్యి కడుక్కుంటూ కూడా అదే మాట.

అతను పోయిన రెండు వారాలకు ఆఫీసుకు ఒక పార్సెల్ వచ్చింది. లోపల మా కెమెరా. దాని మీద అతను వేయించుకొచ్చిన స్టిక్కరు అలాగే ఉంది. వెంట ఒక కాగితం. నిపుణులు చూశారు, ఇది ఆయుధానికి బిగించేది కాదు, కరెంటు పనుల సాధనం, జాబితా కింద పెట్టిన కేసు కొట్టివేశాం, వస్తువును యజమానికి తిరిగి ఇస్తున్నాం అని. కింద ఇంకో వాక్యం ఉంది. కంపెనీ సొత్తును అనుమతి లేకుండా తీసుకుపోయినట్టు కంపెనీ స్వయంగా రాసిచ్చిన ఫిర్యాదు మీద మాత్రమే సదరు వ్యక్తిని దేశం నుంచి పంపించడమైనది.

ఆ వాక్యాన్ని నేను కుర్చీలో కూర్చుని ఎన్నిసార్లు చదివానో. పాత రూలు తడుముకుని తడుముకుని చివరికి అతన్ని వదిలేసింది. వదలనిది నా ఉత్తరం. మేనేజరు ఆ కాగితం చూసి, "గుడ్, కెమెరా వచ్చేసింది" అన్నాడు. ఫైల్లో పెట్టమన్నాడు, పెట్టాను. రెండేళ్ళకు ఫారం కూడా మారింది. పరిశ్రమల పరికరాలకు వేరే కాగితం పెట్టారు, ఏ ఆయుధానికి బిగిస్తారన్న గడి తీసేశారు. ఇప్పుడైతే వారంలో పనైపోతుంది.

రిటైరై వచ్చాక ఏడాది పాటు ధైర్యం చాలలేదు. చివరికి ఒకరోజు బస్సెక్కి అతని ఊరికి పోయాను. ఇళ్ళకు వైరింగు చేస్తున్నాడు, మోటారు స్టార్టర్లు బాగుచేస్తున్నాడు. నేను పోయేసరికి ఒక పొలం దగ్గర స్టార్టరు డబ్బా తలుపుకు అరచెయ్యి వెనకవైపు ఆనించి వేడి చూస్తున్నాడు. నన్ను చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇంటికి తీసుకుపోయి భార్యను కేకేశాడు.

"ఏమే, ఎవలొచ్చిన్రో సూడు! నాకోసం ఆఫీసుల సుట్టు తిరిగిండని జెప్త గద, గా అన్న గీయననే."

ఆమె కొంగు సవరించుకుని దండం పెట్టింది. ఇద్దరు ఆడపిల్లలు పుస్తకాలు పక్కన పెట్టి నమస్తే అన్నారు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఆమె టీ పెట్టడానికి లోపలికి పోగానే అతన్ని వాకిట్లోకి తీసుకొచ్చాను.

"తమ్ముడూ, నీకొక మాట చెప్పల్ల. ఆ పొద్దు నేను తెచ్చిన కాగితం..."

"ఎరుకే అన్నా."

"ఏం ఎరుక?"

"పంపే ముందురోజు పిలిచి సదివి వినిపించిన్రు. ఒక పాకిస్తానాయన ఉర్దూల జెప్పిండు. స్టోర్లకెల్లి ఎత్కపోయిండని రాసిన్రు అన్నడు. సంతకం ఎవలిదని అడిగిన. నీ పేరు జెప్పిండు."

తిడతాడని, కొడతాడని అనుకునే పోయాను, దానికి సిద్ధపడే పోయాను. దీనికి మాత్రం సిద్ధపడలేదు.

"మల్ల నన్నెందుకప్పా ఇంట్లో మంచోణ్ణి చేసి పెట్టినావు?"

"నీకోసం గాదన్నా" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది. "దొంగతనం మీద ఎల్లగొట్టిన్రని నా బిడ్డలకు ఎట్ల జెప్పాలె? ఊర్లె ఒక్కనికి ఎరుకైనా నన్ను వైరింగుకు ఇంట్లకు రానిస్తరా? గందుకే చట్టం పాతది, దాంట్ల ఇరుక్కున్న అని జెప్పిన. గా చట్టమేమన్న ఈడికొచ్చి అడుగుతదా? నువ్వు మంచోనివి గాకుంటె నా ముచ్చట నిలవడదు. నువ్వు గూడ గట్లనే జెప్పు."

అప్పుడే ఆమె టీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. నాకు ముందు ఇచ్చి, కొంచెం మొహమాటంగా అడిగింది.

"అన్నా, మా ఆయనను ఆగం జేసిన గా చట్టం ఇప్పటికన్న మారిందా?"

అతను తన గ్లాసు తీసుకోకుండా నా వైపే చూస్తున్నాడు.

"ఇంకా లేదమ్మా" అన్నాను.